పిల్లల పుస్తకాల్లో పక్షపాతం: తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా గ్రంథాలయానికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు, బడుల్లో కథల పీరియడ్ నడిపే టీచర్లు ఏడాది పొడవునా దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే జవాబులు ఒకచోట రాసి పెట్టాను. పిల్లల వయసును బట్టి విడదీశాను కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

కథను కథలా చదువుకోనివ్వకుండా ఈ ప్రశ్నలన్నీ ఎందుకండీ?

కథను ఇష్టపడటానికీ ప్రశ్నించడానికీ పేచీ లేదు. ఏడు చేపల కథ గుర్తుచేసుకోండి. ఎందుకు ఎండలేదని చేపను అడిగితే అది గడ్డిమోపు మీద చెబుతుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడుస్తున్న పిల్లాడి మీద, పిల్లాడు కుట్టిన చీమ మీద చెబుతారు. చివరికి చీమ, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. మూడేళ్ళ పిల్లలు ఈ కథను మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు. అందులో మొదటి నుంచి చివరి దాకా ఉన్నది అడగడమే. నేరం ఎవరి మీద పడితే వాళ్ళ దగ్గరికే వెళ్ళి నీ సంగతేమిటని అడగడం. అందరిలోకీ చిన్నదైన చీమకు కూడా తన మాట చెప్పుకునే వంతు వస్తుంది. పుస్తకాన్ని ప్రశ్నిస్తూ చదవడమంటే నా లెక్కలో ఇదే. కథ ఎవరి గురించి ఏం చెప్పినా, వాళ్ళ మాట కూడా వినాలనిపించడం.

పక్షపాతం అంటే తిట్లు, వెక్కిరింతలేనా? మా ఇంట్లో అలాంటి పుస్తకాలేవీ లేవు.

తిట్టు ఉంటే వెంటనే కంట్లో పడుతుంది. పడనిది వేరే ఉంటుంది. గోడకు తగిలించే వృత్తుల చార్టు చూడండి: డాక్టరు మగ, నర్సు ఆడ, పోలీసు మగ, టీచరు ఆడ. ‘మా కుటుంబం’ బొమ్మలో అమ్మ పొయ్యి దగ్గర, నాన్న పేపరుతో కుర్చీలో. ఒక్కో బొమ్మ విడిగా చూస్తే అబద్ధం కాదు, మన ఇళ్ళలో అమ్మలే వంట చేస్తున్నారు. కానీ చూసిన ప్రతి పుస్తకంలోనూ అదే బొమ్మ ఉంటే లోకం తీరే అదని పిల్లలు అనుకుంటారు.

అసలు కనిపించకపోవడం కూడా పక్షపాతమే. అమెరికాలో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల లెక్క తీసి 1965లో ప్రకటించారు. వాటిలో ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించినవి 6.7 శాతమే. మిగతా పుస్తకాలు నల్లజాతి పిల్లల్ని ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ళు ఉన్నారని గుర్తించలేదు, అంతే.

ఏ పుస్తకాలు కొనాలి? ఏ పక్షపాతమూ లేనివి ఉంటాయా?

ఉండవు. ప్రతి పుస్తకమూ ఎవరో ఒకరు ఒక చోట నిలబడి రాసిందే. ఒకే చోట నుంచి రాసినవి కాకుండా రకరకాలవి ఇంట్లో ఉండేలా చూసుకోండి. మీ అలమారలోంచి ఓ పాతిక పుస్తకాలు తీసి ముఖ్యపాత్రలెవరో చూడండి. పల్లెలో పెరిగే పిల్ల ఉందా, ముస్లిం కుటుంబం ఉందా, చక్రాల కుర్చీలో తిరిగే పిల్లాడు జాలి కోసం కాకుండా అల్లరి కోసం ఉన్నాడా? ఖాళీ ఎక్కడుందో తెలిశాక కొనడం తేలిక. నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక, మంచి పుస్తకం ప్రచురణల్లో తక్కువ ధరలో తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవచ్చు.

## చదివి వినిపించే వయసు (3 నుంచి 6 ఏళ్ళు)

మా పాపకి నాలుగేళ్ళే. ఈ వయసులో ఇవి అర్థమవుతాయా?

పక్షపాతం అనే మాట అర్థం కాదు. కానీ వాడికి ఎక్కువిచ్చావు, నాకు తక్కువిచ్చావు అనే లెక్క నాలుగేళ్ళ పిల్లకు మనకంటే బాగా తెలుసు. ఆ న్యాయం దగ్గరే మొదలుపెట్టండి. ‘ఎలుగుబంటిని ఎవరూ ఆటకి పిలవలేదు కదా, దానికెలా ఉంటుంది?’ అంటే చాలు. ఇంకా చదవడం రాని పిల్లలు బొమ్మల్ని మనకంటే నిశితంగా చూస్తారు. అందుకని బొమ్మలో ఎవరు ఏం పని చేస్తున్నారో వాళ్ళనే చెప్పమనండి.

ప్రతి పేజీలోనూ ఆపి ప్రశ్న అడగాలా?

వద్దు. మొదటిసారి ఎక్కడా ఆగకుండా, గొంతులు మారుస్తూ, హాయిగా చదవండి. పిల్లలు ఎలాగూ అదే పుస్తకం మళ్ళీ తెస్తారు. మూడోసారో నాలుగోసారో ఒక్కచోట ఆగి ఒక్క ప్రశ్న వేయండి. జవాబు రాకపోతే పేజీ తిప్పేయండి. కథ చెప్పేవేళ పరీక్షగా మారితే పిల్లలు పుస్తకం తేవడమే మానేస్తారు, అప్పుడు మొదటికే మోసం.

బొమ్మల పుస్తకాల్లో రాక్షసులు నల్లగా, రాజకుమారి తెల్లగా ఉంటారు. మావాడు ‘నల్లగా ఉంటే చెడ్డవాళ్ళా’ అని అడిగాడు. ఏం చెప్పాలి?

ముందు ఆ ప్రశ్న వేసినందుకు మెచ్చుకోండి. కాదని చెప్పి వదిలేయకుండా అలా గీసింది బొమ్మలు వేసినవాళ్ళేనని చెప్పండి. 1967లో మొదలైన అమర్ చిత్ర కథ పుస్తకాల మీద కూడా ఈ విమర్శ ఎప్పటి నుంచో ఉంది: దేవతలకు, రాజులకు లేత రంగు, అసురులకు ముదురు రంగు. మన కావ్యాలు చూస్తే రాముడూ కృష్ణుడూ నల్లనివాళ్ళే. ద్రౌపదికి కృష్ణ అనే పేరు వచ్చింది ఆమె ఛాయను బట్టే. అయినా ఆమెను నల్లగా గీసిన పిల్లల పుస్తకం దొరకడం కష్టం. ఈ మాట పిల్లలకు చెబితే ‘మరి తెల్లగా ఎందుకేశారు’ అని వాళ్ళే అడుగుతారు.

దీనికి మా దగ్గర చేయించే పని ఒకటుంది. క్రేయాన్ల డబ్బాలో లేత గులాబీ రంగు పుల్లను పిల్లలందరూ స్కిన్ కలర్ అనే పిలుస్తారు. దాన్ని చేతి పక్కన పెట్టి చూడమంటాం. ఎవరి చేతికీ కలవదు. అప్పుడు గోధుమ, పసుపు, నలుపు, ఎరుపు కలిపి ఎవరి చేతి రంగు వాళ్ళు తయారుచేసుకుంటారు. ఒకరి రంగుతో ఇంకొకరిది కలవదని చూపించుకోవడం వాళ్ళకి పెద్ద సరదా. ఆ మధ్యాహ్నం తర్వాత లేత గులాబీ పుల్లను ఆ పేరుతో పిలిచే పిల్లలు తగ్గిపోతారు.

‘రాజుకి ఏడుగురు కొడుకులు’ అనగానే కూతుళ్ళు లేరా అంది మా అమ్మాయి.

‘ఉండే ఉంటారు, కథ చెప్పినవాళ్ళు చెప్పలేదు. వాళ్ళేం చేస్తుంటారో నువ్వు చెప్పు’ అనండి. జానపద కథ ఎవరి సొంతమూ కాదు. ఊరు మారితే పాత్రలు మారతాయి, చెప్పేవాళ్ళు మారితే ముగింపు మారుతుంది. మీ అమ్మాయి వంతు వచ్చింది, చెప్పనివ్వండి.

కథలో గుడ్డివాడు, కుంటివాడు లాంటి మాటలు వస్తే చదివేటప్పుడు మార్చేయొచ్చా?

చిన్నపిల్లలకు వినిపించేటప్పుడు మార్చి చదవచ్చు, అందులో తప్పేం లేదు. చదవడం వచ్చాక మాత్రం మార్చకండి, మీరు దాస్తున్నారని ఇట్టే పట్టేస్తారు. ఉన్నది ఉన్నట్టు చదివి, ‘ఈ మాట ఇక్కడ రాశారు, మనం వాడం, ఆ మనిషి వింటే బాధపడతాడు’ అని చెప్పండి. మాటకంటే కథ నడిపిన తీరు ముఖ్యం. అంగవైకల్యం ఉన్న పాత్రకు కథలో వేరే పనేమైనా ఉందా, లేక జాలిపడటానికో భయపడటానికో మాత్రమే పెట్టారా అన్నది చూడండి.

## సొంతంగా చదువుకునే వయసు (7 నుంచి 10 ఏళ్ళు)

మావాడు పుస్తకం చదివేసి ‘బాగుంది’ అంటాడు, అంతే. ఏం అడిగితే మాట్లాడతాడు?

‘కథలో నీతి ఏమిటి’ అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు పిల్లలు మనం వినాలనుకున్నదే చెబుతారు. నాకు బాగా పనిచేసిన ప్రశ్న ‘ఎవరిని చూసి నవ్వావు?’ అన్నది. పరమానందయ్య శిష్యుల్ని చూసి నవ్వామంటే వాళ్ళ పనులు చూసి నవ్వాం. లావుగా ఉన్నందుకో, నత్తి ఉన్నందుకో, భాష రానందుకో నవ్వించే కథలూ ఉంటాయి. ఆ రెండు నవ్వులకీ తేడా ఎనిమిదేళ్ళ పిల్లలు సులువుగా పట్టుకుంటారు. ఇంకో మంచి ప్రశ్న, చిక్కుముడి ఎవరు విప్పారని. అమ్మాయిలున్న పుస్తకమే అయినా ఆఖర్న అన్నో, రాకుమారుడో వచ్చి కాపాడితే అది గమనించాల్సిన సంగతే. వీటికి తోడు ఇదే కథను సవతి తల్లి చెబితే ఎలా ఉంటుంది, తోడేలు చెబితే ఎలా ఉంటుంది అని అడిగితే, పిల్లలు నోటితో చెప్పడం ఆపి కాగితాలు తెచ్చుకుంటారు.

పిసినారి షావుకారు, తెలివితక్కువ చాకలి, అమాయకపు గొల్లవాడు… మన పాత కథలన్నీ ఇలాగే ఉన్నాయి. చెప్పడం మానేయాలా?

మానక్కర్లేదు. కానీ విని ఊరుకోవద్దు. ఈ కథల్లో ఒక్కో గుణాన్ని ఒక్కో కులానికి అంటించేశారు. వినే క్లాసులో ఆ కులాల పిల్లలు కూర్చుని ఉంటారు. నవ్వు వచ్చినప్పుడు వాళ్ళు నవ్వాలో తల దించుకోవాలో తెలియక పక్కవాళ్ళ ముఖాలు చూస్తారు. ఇది నేను చాలా క్లాసుల్లో గమనించాను.

ఒక తేలికైన పద్ధతి ఉంది. కథలో మనిషి పని మార్చి చెప్పించండి. పిసినారి షావుకారు స్థానంలో పిసినారి ఇంజనీరును పెడితే కథ నడుస్తుందా? చక్కగా నడుస్తుంది. అంటే ఆ కులం పేరుకు కథలో పనేమీ లేదని, అలవాటుగా వచ్చి కూర్చుందని పిల్లలకే తెలుస్తుంది.

రెండోది, ఆ పని గురించి నిజంగా తెలుసుకోనివ్వండి. ఊళ్ళో బట్టలన్నీ రేవుకి తీసుకెళ్ళి, ఉతికి, ఎవరి బట్టలు వాళ్ళకి తెచ్చివ్వాలంటే ఎంత జ్ఞాపకశక్తి కావాలి? నల్లజీడి గింజ రసంతో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెట్టేవారు, ఆ నల్లటి గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోదు. ఇంతటి లెక్క నడిపే మనిషిని కథలు ఎందుకు తెలివితక్కువవాడంటున్నాయని అడగండి. నాలుగో తరగతి పిల్లలు దీని మీద పీరియడంతా మాట్లాడగలరు.

ఏకలవ్యుడి పాఠం గురుభక్తి గురించి అని టీచరు చెప్పారట. ‘ద్రోణుడిదే తప్పు’ అంటున్నాడు మా అబ్బాయి. నేనేం చెప్పాలి?

కథలో ఏముందో మళ్ళీ చూద్దామనండి. భారతం ఆదిపర్వంలో ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు. నిషాదుడన్న కారణంతోనే ద్రోణుడు అతన్ని శిష్యుడిగా తీసుకోడు. మట్టి బొమ్మ పెట్టుకుని తనంతట తానే నేర్చుకుంటాడు. అతని విద్య చూశాక అర్జునుడు ద్రోణుడి దగ్గరికి వెళ్ళి, నాకంటే గొప్ప శిష్యుడు ఉండడని మాటిచ్చారు కదా అని గుర్తుచేస్తాడు. ఆ తర్వాతే ద్రోణుడు బొటనవేలు అడుగుతాడు.

పిల్లల కోసం కుదించి రాసిన కథల్లో చాలాచోట్ల అర్జునుడి మాట ఎగిరిపోతుంది. అది లేకపోతే వేలు అడగడం గురువు పెట్టిన పరీక్షలా కనిపిస్తుంది. ఉంటే ఆ వేలు వల్ల లాభం ఎవరికన్న ప్రశ్న వస్తుంది. రెండు మూడు పుస్తకాల్లోని ఏకలవ్యుడి కథలు పక్కపక్కన పెట్టి, ఏది ఎందులో ఉంది, ఏది వదిలేశారు అని చూడమనండి. మీ అబ్బాయి చెప్పినదాన్ని సమర్థించనూ వద్దు, ఖండించనూ వద్దు. ఏ వాక్యం చదివి అలా అనిపించిందో చూపించమనండి. ఏకలవ్యుడి భక్తి నిజమే, అతనికి జరిగిన అన్యాయమూ నిజమే. ఈ రెండూ ఒకే కథలో ఉండగలవని అర్థం చేసుకోవడం పదేళ్ళ వయసుకి చాలా పెద్ద విషయం.

ఇలా మాట్లాడటం నేర్పితే పరీక్షల్లో మార్కులు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

‘ఈ పాఠం ప్రకారం’ అని మొదలుపెట్టి పాఠంలో ఉన్నది రాయడం నేర్పండి. అది అబద్ధం కాదు, మార్కులూ పోవు. మన రెండు రాష్ట్రాల తెలుగు వాచకాల్లో ‘అవగాహన – ప్రతిస్పందన’, ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అన్న శీర్షికల కింద సొంత అభిప్రాయం అడిగే ప్రశ్నలు ఉంటాయి. గైడు చూసి రాసే పిల్లలు తడబడేది అక్కడే.

మా ఇంట్లో ‘గట్లనా’, ‘ఏడికి పోతున్నవ్’ అంటాం. పుస్తకాల్లో అలా మాట్లాడేది పనివాళ్ళో, నవ్వించే పాత్రలో మాత్రమే. మావాడు ఇప్పుడు నానమ్మ భాషకి సిగ్గుపడుతున్నాడు.

ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. చాలా పిల్లల పుస్తకాల్లో కథ చెప్పే గొంతు ఒకే రకం తెలుగులో ఉంటుంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాట తీరు పాలేరుకో, దొంగకో, తిండిపోతుకో ఇస్తారు. ఎవరూ పైకి అనకపోయినా, తెలివైనవాళ్ళు ఇలా మాట్లాడరని పిల్లాడికి అర్థమైపోతుంది.

పుస్తకం చేతికిచ్చి, యాసలో మాట్లాడింది ఎవరు, వాళ్ళు కథలో ఏం చేస్తారు అని చిన్న పట్టిక వేయించండి. తర్వాత వేరే పుస్తకాలు కూడా చూపించండి. నామిని ‘సినబ్బ కథలు’ చిత్తూరు పల్లె తెలుగులోనే మొదలై అదే తెలుగులో ముగుస్తాయి, అక్కడ యాస అన్నది నవ్వులాట కాదు, కథకుడి గొంతే అది. ఆగస్టు 29న గిడుగు జయంతి నాడో, సెప్టెంబరు 9న కాళోజీ జయంతి నాడో బడిలో ఏదో ఒకటి చేస్తారు కదా, ఆ రోజు పిల్లలందరినీ ఒక పేజీ తమ ఇంటి భాషలోకి మార్చి చదవమని టీచరును అడగండి. అన్నిటికంటే ముందు, మీవాడు పుస్తకంలో కథ చదివి నానమ్మకి ఆమె భాషలో తిరిగి చెప్పాలి. ఆమె సరిదిద్దితే ఇంకా మంచిది.

మా ఇల్లులాంటి ఇల్లు ఏ పుస్తకంలోనూ లేదంటోంది మా అమ్మాయి.

ఆమె సరిగ్గానే చూసింది. కథల్లో మధ్యాహ్న భోజనం ఎప్పుడూ పప్పూ చారే, ఎండుచేపల వాసన ఏ వంటింట్లోంచీ రాదు. రంజాన్ వచ్చినా ‘మన పండుగలు’ పాఠం చివర ఒక పేరాలో వస్తుంది. పిల్లలకు పుస్తకాలు అద్దాలుగానూ కిటికీలుగానూ ఉండాలని 1990లో రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ఆచార్యురాలు రాశారు. ఎప్పుడూ ఎదుటివాళ్ళ ఇంట్లోకి తొంగిచూడటమే తప్ప తన ముఖం కనపడని పిల్ల, తనలో రాయదగ్గదేమీ లేదనుకుంటుంది. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల పిల్లల జీవితాలతో డిఫరెంట్ టేల్స్ పుస్తకాలు తేవడానికి కారణం ఇదే. కొంచెం పెద్ద పిల్లలైతే ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కథలు’ చదవచ్చు. ఇవి దొరికే లోపు మీ అమ్మాయి తన ఇంటి కథ తానే చెబితే, రాసి కుట్టి పుస్తకం చేయండి. మా అలమారలో అలా కుట్టిన పుస్తకాలకు గిరాకీ ఎక్కువ.

అమ్మాయి హీరోగా ఉంటే మా అబ్బాయి ఆ పుస్తకం ముట్టుకోడు.

‘అమ్మాయిల కథ’ అని పరిచయం చేయకండి. ‘గుహలో ఇరుక్కుపోయే కథ’ అనండి. అబ్బాయిల సాహసకథల్ని అమ్మాయిలు ఏ అభ్యంతరం లేకుండా చదువుతూనే ఉన్నారు, అదే పని మగపిల్లలూ చేయగలరు.

## చరిత్రా పురాణాలూ చదివే వయసు (11 నుంచి 15 ఏళ్ళు)

చరిత్ర పుస్తకంలో ఉన్నవి జరిగిన విషయాలే కదా, అందులో పక్షపాతం ఎలా కనిపెట్టాలి?

తేదీల్లో దొరకదు, పెట్టిన పేర్లలో దొరుకుతుంది. 1857లో జరిగినదాన్ని బ్రిటిష్ వాళ్ళు సిపాయిల తిరుగుబాటన్నారు, మనం ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అంటున్నాం. దీన్ని పిల్లలు తేలిగ్గా ఒప్పుకుంటారు, ఎందుకంటే రెండోవైపు బయటివాళ్ళు.

మన ఇంటి దగ్గరి ఉదాహరణ కష్టం, అందుకే అది ఇంకా మంచిది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగుబాటు ప్రకటించడంతో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజును కొందరు విమోచనం అంటారు, కొందరు విలీనం అంటారు, విద్రోహం అనేవాళ్ళూ ఉన్నారు. 2022లో కేంద్రం విమోచన దినంగానూ, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగానూ జరిపాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. తేదీ ఒకటే, జరిగినదీ ఒకటే.

ఏ పేరు సరైనదని తేల్చి చెప్పకండి. ఏ పేరు ఏ ఇంట్లో పుట్టి ఉంటుందని అడగండి. రజాకార్ల దౌర్జన్యం చూసిన కుటుంబం ఒకటి. భారత సైన్యం జరిపిన ‘పోలీసు చర్య’ తర్వాతి హింసలో మనుషుల్ని పోగొట్టుకున్న ముస్లిం కుటుంబం ఒకటి. దొరల మీద సాయుధంగా పోరాడి, ఆ తర్వాత భారత సైన్యాన్ని 1951 దాకా ఎదుర్కొన్న రైతు కుటుంబం ఇంకొకటి. ఒక్కో పేరు ఒక్కో కుటుంబానికి జరిగినదాన్ని ముందుకు తెచ్చి మిగతా వాళ్ళకు జరిగినదాన్ని వెనక్కి నెడుతుంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఆ కాలం ఎరిగిన పెద్దవాళ్ళుంటే పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. ఆ అవకాశం ఎక్కువ కాలం ఉండదు.

పురాణాల మీద ప్రశ్నలు వేస్తే మా అత్తగారు నొచ్చుకుంటున్నారు. పిల్లల్ని ఆపాలా?

ఆపకండి, ఆ ప్రశ్నలు ఆవిడనే అడగమనండి. రామాయణంలో మాట దక్కనివాళ్ళ గురించి మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పటి నుంచో పాడుకుంటున్నారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట మీ అత్తగారికో ఆవిడ అమ్మగారికో వచ్చే ఉంటుంది. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే గుర్తుపట్టక, పరాయివాడనుకుని నిలదీస్తుంది. అన్న వెంట తమ్ముడు అడవికి వెళ్ళాడు సరే, ఇంట్లో ఉండిపోయిన భార్య మాటేమిటని పుట్టిన పాట అది. పాడినవాళ్ళెవరూ భక్తి లేనివాళ్ళు కాదు. పిల్లలు వేసే ప్రశ్న ఆ వరసలోదేనని తెలిస్తే పెద్దవాళ్ళ మనసు మెత్తబడుతుంది. ఇంకాస్త పెద్దయ్యాక వోల్గా ‘విముక్త’ చేతికివ్వచ్చు. సీత కళ్ళతో చెప్పినవి, శూర్పణఖ, అహల్య, ఊర్మిళలతో సీత మాట్లాడే కథలవి. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

మా అమ్మాయికి ఇష్టమైన ఇంగ్లిష్ పుస్తకాల్లో జాత్యహంకారం ఉందని ఇప్పుడంటున్నారు. తీసేయాలా?

పదేళ్ళు దాటిన పిల్లల దగ్గర తీసేయడం కంటే పక్కన కూర్చుని చదవడం మేలు. పుస్తకం మొదట్లో ఉండే ప్రచురణ సంవత్సరం చూడటం అలవాటు చేయండి. రోల్డ్ డాల్ చాక్లెట్ ఫ్యాక్టరీ నవల 1964లో వచ్చినప్పుడు అందులో పనివాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన పిగ్మీలు, జీతం బదులు కోకో గింజలు. విమర్శలు వచ్చాక 1973లో రచయితే దాన్ని మార్చారు. 2021లో అమెరికా పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ పుస్తకాల హక్కుదారులు, కొన్ని జాతుల్ని కించపరిచే బొమ్మలున్నాయని ఆరు పుస్తకాల ముద్రణ ఆపేశారు. ఒక పుస్తకాన్ని మార్చడం సరైనదా, ఆపడం సరైనదా, ఉన్నదున్నట్టు ఉంచి ముందుమాట రాయడం సరైనదా అని అడిగి చూడండి. పిల్లలు నిజంగా వాదించుకోగల ప్రశ్న ఇది.

మేం అమెరికాలో ఉంటాం. ఇండియా మీద ఉన్న పుస్తకాలన్నిటిలో ఏనుగులు, పాములు, పేదరికమే.

ఏనుగులూ ఉన్నాయి, పేదరికమూ ఉంది. అబద్ధం కాకపోయినా అదొక్కటే ఉండటమే ఇబ్బంది. నైజీరియా రచయిత్రి చిమమాండా అడీచీ 2009లో ఇచ్చిన ప్రసంగం, ఒక్క కథే విని మనుషుల్ని అంచనా వేయడం గురించి. పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి దాన్ని చూపించండి. దీనికి రెండోవైపు కూడా అడగండి: అమెరికాలోని నల్లజాతివాళ్ళ గురించి, మెక్సికన్ల గురించి మన ఇంట్లో ఎన్ని కథలు వింటున్నారు? పండుగ భోజనాల దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడుకునేది పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు కథలు ఏఐతో రాయిస్తున్నారు, బొమ్మలూ అదే వేస్తోంది. దానికి పక్షపాతం ఎందుకుంటుంది?

అది నేర్చుకున్నది మనుషులు రాసినవీ గీసినవీ చూసే కాబట్టి. పిల్లల్ని పక్కన పెట్టుకుని డాక్టరు, పనిమనిషి, అందమైన అమ్మాయి, పల్లెటూరి కుటుంబం అని ఒక్కోటి అడిగి బొమ్మలు వేయించండి. ఎవరొచ్చారు, ఏ రంగులో వచ్చారు, ఎవరు రాలేదు అన్నది వాళ్ళనే రాసుకోమనండి.

## చిక్కులు వచ్చినప్పుడు

మా అమ్మాయి ఇప్పుడు ప్రతి పుస్తకంలోనూ తప్పులే వెతుకుతోంది. చదివిన ఆనందమే పోయింది.

కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. ‘ఏ పేజీలో?’ అని అడగడం మొదలుపెట్టండి. చూపించలేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోవాలి. చూపిస్తే, అదే పుస్తకంలో నచ్చిన వాక్యం కూడా ఒకటి చూపించాలి. మధ్యమధ్య ఏ ప్రశ్నా లేకుండా కేవలం సంతోషం కోసం చదివే పుస్తకాలు ఉండాలి, మీరూ ఆమెతో కలిసి చదవాలి.

క్లాసులో నలభై మంది. కులం, మతం గురించి మాట్లాడితే గొడవలవుతాయేమోనని భయం.

మాట్లాడేది పుస్తకంలోని పాత్ర గురించే అని మొదట్లోనే చెప్పండి. పిల్లల్ని గుంపులు చేసి, వాచకంలోని బొమ్మలన్నీ లెక్కపెట్టించండి: ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, ఇంట్లో ఎవరు, బయట ఎవరు, ఎవరి చేతిలో పుస్తకం ఉంది, ఎవరి చేతిలో చీపురు ఉంది. అంకెలు బోర్డు మీదికి వచ్చాక మీరు పెద్దగా చెప్పాల్సిందేమీ ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ముస్లిం పాత్ర వచ్చిందని క్లాసులో ఉన్న ముస్లిం పిల్లాడిని లేపి ‘మీ ఇంట్లో ఎలా చేస్తారో చెప్పు’ అనకూడదు. దళిత పాత్ర వస్తే అందరి కళ్ళూ ఒకరి వైపు తిరిగేలా చేయకూడదు. టీచరుకి ఎంత మంచి ఉద్దేశం ఉన్నా, ఆ పిల్లలకది శిక్షే. తమంతట తాము చెబితే వినాలి, అంతే.

నాకే కొన్ని చిన్నచూపులు ఉన్నాయి. నేనేం నేర్పగలను?

పైకి అనేయండి. ‘ఈ కథ నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు విన్నాను, ఇది ఎప్పుడూ తట్టలేదు’ అని మీరు అంటే, ఆలోచన మార్చుకోవడం అవమానం కాదని పిల్లలు మిమ్మల్ని చూసే తెలుసుకుంటారు.

పాఠ్యపుస్తకంలో నిజంగా కించపరిచే బొమ్మ ఉంది. ఎవరికి చెప్పాలి?

పుస్తకం పేరు, తరగతి, ముద్రణ సంవత్సరం, పేజీ నంబరు రాసుకోండి. ప్రభుత్వ వాచకమైతే ఆయా రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ సంస్థకు రాయాలి. పుస్తకం మొదటి పేజీల్లో రచయితల, సంపాదకుల పేర్లు ఉంటాయి. ప్రైవేటు పుస్తకమైతే ప్రచురణకర్త చిరునామా అక్కడే ఉంటుంది. ఉత్తరం పిల్లల చేతే రాయించండి: బొమ్మలో ఏముంది, దాని వల్ల ఎవరికి ఎలా అనిపిస్తుంది, దాని బదులు ఏం ఉంటే బాగుంటుంది. మూడోది తప్పకుండా ఉండాలి, వీలైతే బొమ్మ గీసి జతచేయాలి. నకలు ఒకటి బడి హెడ్మాస్టరుకి ఇవ్వండి. కొత్త ముద్రణ వచ్చినప్పుడు అదే పేజీ తీసి పిల్లలతో కలిసి చూడండి.